వెట్టి నుండి సేవకు: బిషప్పు అజరయ్యగారి జీవితము

ఓరుగల్లు కాకతీయుల సంతతివారమని చెప్పుకొన్న రాజులు ఏలిన బస్తరు సీమ నేడు ఛత్తీస్‌గఢ్ రాష్ట్రపు దక్షిణ భాగములో ఉన్నది. ఇంద్రావతి, శబరి నదులు ఆ అడవుల నుండి దిగివచ్చి తెలుగుదేశపు అంచున గోదావరిలో కలుస్తాయి. కోయజనులు ఆ సరిహద్దుకు ఇరువైపులా నివసిస్తున్నారు. 1910వ సంవత్సరము ఫిబ్రవరిలో బస్తరు అంతటా గొప్ప తిరుగుబాటు చెలరేగింది. భూమ్‌కాల్ అని దానికి పేరు. అడవిలో మూడింట రెండు వంతులను ప్రభుత్వ రక్షణ క్రిందికి తీసుకోవలెనని 1905లో ఆలోచన జరిగింది. 1899-1900లోను, మరల 1907-1908లోను కరవులు వచ్చాయి. భూమిశిస్తు పెరిగింది. అధికారులు గ్రామస్థులచేత కూలి ఇవ్వకుండ పని చేయించుకొనేవారు. కాంగేరు అడవిలోని ధుర్వాలు మొదలుపెట్టిన ఆ తిరుగుబాటులో గుండాధూర్ పేరు చిరస్మరణీయమైంది. బజారులు కొల్లపోయాయి. అధికారుల ఇండ్లు, పోలీసు ఠాణాలు కాలిపోయాయి. వాటితోబాటు పాఠశాలలు కూడ కాలిపోయాయి.

పాఠశాలలు కాలిపోయిన సంగతి దగ్గర కొంచెము ఆగి ఆలోచించవలెను. పిల్లల మేలుకొరకు కట్టినదని చెప్పబడిన బడిని ఆ జనులు ఠాణాతో కలిపి లెక్కించారు. వారిచేత ఊరకే పని చేయించుకొన్న చేయి, వారి పిల్లలకు అక్షరాలు దిద్దించిన చేయి ఒక్కటేనని వారికి తోచింది.

గోదావరికి ఈవల, నిజాము రాజ్యములో, స్థితి దీనికి మిక్కిలి భిన్నముగా లేదు. అక్కడ దాని పేరు వెట్టి. మాలపల్లెలోను మాదిగపల్లెలోను పుట్టిన బిడ్డ నడక నేర్చిన కొన్నాళ్లకే పశువుల వెంట వెళ్లేవాడు. తండ్రి చేసిన అప్పుకు కొడుకు జీతగాడుగా కుదిరేవాడు. అధికారి ఊరికి వస్తే అతని సామాను మోయడము, కట్టెలు తేవడము, కబురు అందించడము వారి పని. కూలి అడిగే హక్కు లేదు, కాదనే హక్కు అంతకంటె లేదు. ఇటువంటి ఇంట పెరిగిన బిడ్డతో, ఇతరులకు సేవ చేయుము అని ఎవరైన చెబితే, ఆ మాట వానికి ఏమని వినబడుతుంది? తరతరాలుగా తన పెద్దలు చేసినది అదే గదా!

ఈ ప్రశ్నకు తన జీవితమంతా వెచ్చించి జవాబు వెదకిన దైవజనుడు వేదనాయకము శామ్యూల్ అజరయ్యగారు. తెలుగు సంఘములలో ఆయన పేరు ఎరుగనివారు అరుదు. భారతీయులలో మొట్టమొదటి ఆంగ్లికన్ బిషప్పు అన్న గౌరవమే ఆయనను గూర్చి తరచుగా చెప్పబడుతుంది. పేద సంఘములోని చిన్న బిడ్డకు సైతము ఇవ్వదగినది ఏదో ఒకటి ఉన్నదని ఆయన నమ్మి, ఆ నమ్మికమీద ఒక మేత్రాసనమును కట్టిన సంగతి అంతగా చెప్పబడలేదు.

ఆయన 1874 ఆగస్టు 17న తమిళదేశమందలి తిరునెల్వేలి ప్రాంతములో వెళ్లాలన్‌విళై అను గ్రామములో జన్మించారు. తండ్రి థామస్ వేదనాయకముగారు మిషను పాఠశాలలో చదువుకొని క్రీస్తును అంగీకరించి, ఆ గ్రామ సంఘమునకు గురువుగా పనిచేశారు. తల్లి ఎల్లెనమ్మగారు బహుకాలము కుమారునికొరకు ప్రార్థించి, హన్నావలె ఆ బిడ్డకు శామ్యూలు అని పేరు పెట్టుకొన్నారు. 1889లో తండ్రి గతించారు. అప్పటికి కుమారునికి ఇంచుమించు పదునైదేండ్లు. తల్లి కుమారుని క్రమశిక్షణలో పెంచింది. దేవాలయములో చిన్న బాలుడు శామ్యూలు దీపము దగ్గర చేసిన పరిచర్య ఆమెకు కథగా మాత్రమే మిగలలేదు. ఇంటిలో బిడ్డ చేయగల పనిని బిడ్డే చేయవలెనన్నది ఆమె నియమము.

తిరునెల్వేలిలో చదువుకొనే రోజులలో క్రైస్తవ విద్యార్థుల మధ్య కులభేదములు పాటింపబడుట చూసి, వాటిని రూపుమాపుటకు తోటివారితో కలిసి ఒక చిన్న సమాజమును ఏర్పాటు చేశారు. పిమ్మట మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివి, అనారోగ్యమువలన పట్టము పొందకయే వెలుపలికి వచ్చారు. 1895లో యువజన క్రైస్తవ సంఘములో కార్యదర్శిగా చేరి, దక్షిణ దేశమంతట తిరిగి విద్యార్థుల మధ్య పనిచేశారు. 1898లో అన్బు మరియమ్మాళ్‌గారిని వివాహము చేసుకొన్నారు. కట్నము పుచ్చుకొనలేదు, ఆడంబరము చేయలేదు. అన్బు అనగా తమిళములో ప్రేమ. ఆ పేరు ఆమెకు తగినదే అని తరువాత డోర్నకల్ వాసులందరు ఎరిగారు.

1902లో ఆయన సింహళద్వీపములోని జాఫ్నాకు వెళ్లారు. అక్కడి తమిళ క్రైస్తవ విద్యార్థులు తమలో తాము చందాలు పోగుచేసుకొని, సముద్రము దాటించి, భారతదేశములోని తొండి ప్రాంతమునకు సువార్తికులను పంపుతున్నారు. ఇది ఆయన మనస్సును గట్టిగా తాకింది. తిరునెల్వేలి సంఘము వారి సంఘముకంటె పెద్దది, పాతది. అయినను అది పుచ్చుకొనుటకు అలవాటుపడింది. చేయి చాచుటే నేర్చిన సంఘములో పిల్లలు కూడ చేయి చాచుటే నేర్చుకొంటారని ఆయనకు అర్థమైంది. తిరిగివచ్చిన తరువాత, 1903 ఫిబ్రవరి 12న, పాళయంకోటలో తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ స్థాపించబడింది. భారతీయులే పనివారు, భారతీయుల ధనమే ఆధారము, భారతీయులదే నిర్వహణ అన్నది దాని నియమము. 1905 క్రిస్మస్ దినమున శ్రీరాంపూరులో, విలియం కేరీ జ్ఞాపకములు నిలిచియున్న చోట, నేషనల్ మిషనరీ సొసైటీ ఆరంభమైనప్పుడు కూడ ఆయన ముఖ్యులలో ఒకరు.

తిరునెల్వేలివారు ఎన్నుకొన్న సేవాస్థలము వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరమందున్న నిజాము రాజ్యములోని మానుకోట తాలూకా. డోర్నకల్ దాని కేంద్రమైంది. ఇతరులను పంపి తాను నగరములో ఉండుట న్యాయము కాదని తలంచి, 1909లో అజరయ్యగారు పేరు ప్రతిష్ఠలున్న ఉద్యోగమును విడిచి, గురుపట్టమునకు అభిషేకము పొంది, కుటుంబముతో డోర్నకల్ వచ్చారు. అప్పటికి ఆయన వయస్సు ముప్పదియైదు. ఆ వయస్సులో తెలుగు అక్షరములు దిద్ది, పల్లెలోని పిల్లలు పలికే పలుకు విని నేర్చుకొన్నారు. బోధించుటకు వచ్చినవాడు మొదట శిష్యుడు కావలసివచ్చింది.

బస్తరులో బడులు కాలిన సంవత్సరమే, 1910 జూన్ నెలలో, ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. అక్కడ అజరయ్యగారు పాశ్చాత్య మిషనరీల త్యాగమును కొనియాడుతూనే, భారతీయ సహోదరులతో వారు సమానులుగా కూర్చుండి స్నేహము చేయుట లేదని నిర్భయముగా చెప్పారు. ధనము ఇచ్చారు, ప్రాణములు కూడ ఇచ్చారు, ఇక స్నేహితులను ఇవ్వండని అర్థించారు. ఆ ప్రసంగము కొందరికి కష్టము కలిగించింది. కాని దానిలో ఆయన జీవితపు మూలసూత్రము ఉన్నది. పైనుండి క్రిందికి వేయబడిన మేలు పుచ్చుకొన్నవానిని చిన్నబుచ్చుతుంది. ప్రక్కన కూర్చుండి చేసిన మేలు వానిని నిలబెడుతుంది. 1912 డిసెంబరు 29న కలకత్తాలోని పౌలు భక్తుని దేవాలయములో ఆయన డోర్నకల్ బిషప్పుగా అభిషేకింపబడ్డారు. ఈ విషయములో మద్రాసు బిషప్పు హెన్రీ వైట్‌హెడ్‌గారి పట్టుదల గొప్పది.

డోర్నకల్‌లో సంఘములు పెరుగుతూ వచ్చాయి. వచ్చినవారిలో అత్యధికులు మాలలు, మాదిగలు. అక్షరము రానివారు, అప్పులలో మునిగినవారు, వెట్టిలో నలిగినవారు. ఇటువంటివారికి ముందుగా కావలసినది సహాయము గదా, వారినుండి ఏమి ఆశించగలము అని అనేకులు తలంచారు. అజరయ్యగారి తలంపు వేరు. బాప్తిస్మము పొందిన దినమే విశ్వాసి పనివాడు కావలెనని ఆయన నేర్పారు. గ్రామసంఘములను దర్శించినప్పుడు, బాప్తిస్మము పొందినవారిని తమ చేతిని తమ తలమీద ఉంచుకొమ్మని చెప్పి, సువార్త ప్రకటింపకపోయిన యెడల తనకు శ్రమ అని పౌలు కొరింథీయులకు వ్రాసిన భావమును వారిచేత పలికించేవారు. ఊరిలో ఎవరి చేతిక్రిందనో వంగిన తలమీద ఇప్పుడు తన చేయి తానే ఉంచుకొని, తాను క్రీస్తు పనివాడనని చెప్పుకొనే మనుష్యుడు ఇక వెట్టివాడు కాడు. ప్రక్కన నిలిచి చూచిన బిడ్డకు అదియే మొదటి పాఠము.

రెండవ పాఠము అన్నపు కుండ దగ్గర జరిగింది. పేద గృహములలో తల్లులు వంటకు గింజలు తీసినప్పుడెల్ల దేవునికొరకు ఒక పిడికెడు వేరుగా ఉంచుట అలవాటు చేయబడింది. వారము చివర అది సంఘమునకు చేరేది. కోతకాలపు కృతజ్ఞతా పండుగలకు జొన్నలు, వడ్లు, కోళ్లు, గ్రుడ్లు, గుమ్మడికాయలు వచ్చేవి. నగదు లేనివారు వస్తువు తెచ్చారు. వస్తువు లేనివారు పని తెచ్చారు. తమ ఇంటిలో తక్కువైన అన్నములోనుండే ఒక పిడికెడు వేరుచేయబడుట చూచిన బిడ్డకు, ఇచ్చుటకు ధనవంతుడు కానక్కరలేదని ఎవరును ఉపన్యాసము చెప్పవలసిన పని లేదు. ఈ విషయమై అజరయ్యగారు ఇంగ్లీషులో ఒక పుస్తకమే వ్రాశారు. ఇచ్చుట ఆరాధనలో భాగమన్నది దానిలోని బోధ.

మూడవ పాఠము చేతులతో నేర్చుకొన్నది. చదువుకొన్న పిల్లవాడు తన తండ్రి పట్టిన నాగలిని చూచి సిగ్గుపడే విద్య విద్య కాదని ఆయన దృఢముగా చెప్పేవారు. అందుచేత వసతి పాఠశాలలలో పుస్తకముతోబాటు పొలము పని, చేతిపని కూడ ఉండేవి. అదే పని ఊరిలో భూస్వామికొరకు చేసినప్పుడు వెట్టి. ఇక్కడ తోటి పిల్లల ఆకలి తీర్చుటకొరకు చేసినప్పుడు సేవ. పని మారలేదు. ఎవనికొరకు, ఏ మనస్సుతో అన్నది మారింది. బిషప్పుగారు స్వయముగా ఎడ్లబండిమీదను సైకిలుమీదను పల్లెలు తిరుగుతూ, పల్లెవారి మధ్య కూర్చుండి మాటలాడేవారు. అన్బు మరియమ్మగారు ఉపదేశుల భార్యలకు చదువు, శుభ్రత, శిశుపోషణ నేర్పి, వారి ద్వారా ఆ పాఠములు పల్లె పల్లెకు అందేటట్లు చేశారు. ఆనాటి పల్లెలో ఉపదేశి ఇల్లు బడి, ఔషధశాల, న్యాయస్థలము అన్నియు అయ్యేది.

1920లో మేత్రాసనము విస్తరించినప్పుడు కృష్ణా ప్రాంతపు సంఘములతోబాటు గోదావరి ఒడ్డునున్న దుమ్ముగూడెము కూడ ఆయన పాలనలోనికి వచ్చింది. దుమ్ముగూడెము బస్తరు అడవుల వాకిలి. గోదావరి ఎగువన నౌకామార్గమును ఏర్పరచుటకు వచ్చిన ఇంజనీరు హేగ్‌గారు కోయలను చూచి జాలిపడి, వారికొరకు మిషనరీలను రప్పించుటకు పాటుపడగా 1861లో అక్కడ పని ఆరంభమైంది. హేగ్‌గారి క్రింద పనిచేసిన వేంకటరామరాజుగారు అను తెలుగువాడు క్రీస్తును అంగీకరించి, కోయల మధ్య తన జీవితమును వెచ్చించారు. అవతల జగదల్‌పూరులో అమెరికా మెథడిస్టులు 19వ శతాబ్దము చివరలో పని మొదలుపెట్టారు. తెలుగు సంఘమునకు ఈ సరిహద్దు ఒక పరీక్ష. మాలపల్లె మాదిగపల్లెలనుండి వచ్చిన విశ్వాసులు నిన్నటివరకు సహాయము పొందినవారు. తమకంటె వెనుకబడినట్లు లోకము ఎంచే అడవిజనులయెడల వారు ఎట్లు నడుచుకొంటారు? దొరవలెనా, సహోదరునివలెనా? వెట్టి చేసినవాడు చేతికి అధికారము రాగానే వెట్టి చేయించుకొనుట లోకములో సామాన్యము. ఎడిన్‌బరోలో పాశ్చాత్యులను అడిగిన స్నేహమును తెలుగు విశ్వాసి కోయసహోదరునికి బాకీపడి ఉన్నాడు.

అజరయ్యగారి సేవకు ప్రతికూలముగా మాటలాడినవారు లేకపోలేదు. 1935 అక్టోబరులో యేవలాలో డాక్టరు అంబేడ్కరుగారు హిందువుగా మరణింపనని ప్రకటించిన తరువాత, మతాంతరీకరణమునుగూర్చి దేశమంతట వాదము చెలరేగింది. సేవను ఎరగా చూపి పేదలను ఆకర్షిస్తున్నారని గాంధీగారు క్రైస్తవ మిషనులను విమర్శించారు. అజరయ్యగారు దానికి తలవంచలేదు. పేదవానికి కూడ ఆత్మ ఉన్నదని, తన మార్గము తాను ఎంచుకొనే వివేకము ఉన్నదని వాదించారు. అయితే ఆయన అసలు జవాబు పల్లెలలో ఉన్నది. త్రాగుడు మానిన ఇండ్లు, శుభ్రమైన వాకిళ్లు, అక్షరము నేర్చిన ఆడపిల్లలు, తమ దేవాలయమునకు తామే గింజలు తెచ్చే పేదలు. వీరిని చూచి అనేక పల్లెలలో ఊరినడుమ కులములవారు సైతము సువార్త వినుటకు ముందుకు వచ్చారు. ఎరకు పడినవాడు పుచ్చుకొంటాడేగాని ఇవ్వడు. డోర్నకల్ సంఘములు ఇవ్వనేర్చుకొన్నాయి.

అయినను ఆయన కోరినదంతయు నెరవేరిందని చెప్పుట సత్యము కాదు. మాల మాదిగల మధ్య భేదము సంఘములోనికి కూడ వచ్చి కూర్చున్నది. ఆయన చివరి సంవత్సరములలో అది ఆయనకు మిక్కిలి వేదన కలిగించింది. పాఠశాలలకు, జీతములకు విదేశ ధనము అవసరము పూర్తిగా తీరలేదు. క్రమశిక్షణ విషయములో ఆయన కఠినుడని అన్నవారు ఉన్నారు. ఒక తరములో వేయబడిన విత్తనము ఆ తరములోనే పంటకు రాదు. అందుకే ఆయన దృష్టి ఎల్లప్పుడు పిల్లలమీద నిలిచింది.

డోర్నకల్‌లో ఆయన కట్టించిన ఎపిఫనీ దేవాలయము 1939 జనవరి 6న ప్రతిష్ఠింపబడింది. దాని స్తంభములలో, గోపురములలో హిందూ, ముస్లిం శిల్పరీతులు క్రైస్తవ ఆరాధనకు అమరాయి. పరదేశపు వస్త్రము తొడుగుకొనకయే ఈ దేశము తన కానుకను ప్రభువు సన్నిధికి తేగలదని ఆ కట్టడము చెబుతుంది. ఆరు సంవత్సరముల తరువాత, 1945 జనవరి 1న, ఆయన డోర్నకల్‌లోనే ప్రభునందు నిద్రించారు. అప్పటికి మేత్రాసనములో క్రైస్తవులు రెండు లక్షలకు మించియున్నారు. 1919లో తరంగంబాడిలో ఆయన పాలుపొందిన సమావేశముతో ఆరంభమైన సంఘైక్య ప్రయత్నము 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘముగా ఫలించింది. ఆ దినమును ఆయన కన్నులు చూడలేదు.

ఈ జీవితము నేటి తల్లిదండ్రులకును సండేస్కూలు ఉపాధ్యాయులకును ఏమి నేర్పుతున్నది? బిడ్డకు సేవ నేర్పుటకు ముందు మన ఇంటిలో ఎవరైన వెట్టి చేస్తున్నారేమో చూడవలెను. ఇంటి పనిమనిషిని పేరు పెట్టి గౌరవముగా పిలువని ఇంటిలో, ఆమె కూలి ఆలస్యముగా ఇచ్చే ఇంటిలో, పాదములు కడిగిన ప్రభువును గూర్చి చెప్పిన పాఠము బిడ్డ హృదయములో నిలువదు. ఆడపిల్ల గిన్నెలు తోముతుంటే మగపిల్లవాడు కూర్చుండి వాక్యము కంఠస్థము చేస్తున్నట్లయితే, అక్కడ నేర్పబడుతున్నది సేవ కాదు. పేదవారికి పంచుటకు పిల్లలను తీసికొనిపోయి చిత్రములు తీయించుకొని వచ్చుటయు సేవ కాదు. అది పైనుండి క్రిందికి వేసే మేలు. బిడ్డ తన పళ్లెములోనుండి ఇవ్వవలెను. తన చేతులతో ఊడ్వవలెను. సేవ పొందినవాని ప్రక్కన కూర్చుండి, వాని పేరు తెలిసికొని, వాని యొద్దనుండి కూడ ఏదో ఒకటి నేర్చుకొనవలెను.

అయిదు రొట్టెలు, రెండు చిన్న చేపలు తెచ్చిన చిన్నవానిని ప్రభువు తక్కువగా చూడలేదు. చెరపట్టబడి నయమాను ఇంట దాసిగా ఉన్న చిన్నది తన యజమానుని స్వస్థతకు దారి చూపింది. ఆమె చేసిన చాకిరి వారు బలవంతముగా పుచ్చుకొన్నది, ఆమె చెప్పిన మేలుమాట తానుగా ఇచ్చినది. ఆ రెంటి మధ్యనున్న దూరమే అజరయ్యగారు పల్లె పిల్లలకు నేర్పిన పాఠము. నేడు గోదావరికి ఈవలనున్న తెలుగు సంఘములలోను, ఆవల బస్తరు అడవులలోని సంఘములలోను పిల్లలు ఆదివారమున కూడుకొంటున్నారు. వారిలో అతి పేద బిడ్డను కానుక పళ్లెము దాటిపోకుండును గాక. ఆ బిడ్డ పిడికిలిలో ఉన్నది నాలుగు గింజలే అయినను, అది ఎవరును లాగుకొననిది, తానే తెచ్చినది.